జారిన భుజం, తెలిసిన మాట: ఉస్మానియా – తార్నాక నేపథ్యంలో కీలు సవరణ చరిత్ర

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆర్ట్స్ కళాశాల నుండి బయలుదేరిన దారి తార్నాక కూడలికి చేరుతుంది. ఈ పరిసరాలలో విద్యార్థుల హాస్టళ్లు, ఆటస్థలాలు, పరిశోధన సంస్థలు, లాలాగూడ రైల్వే వర్క్‌షాప్, రైల్వే ఆసుపత్రి, తార్నాక ఆర్టీసీ ఆసుపత్రి దగ్గరదగ్గరగా ఉన్నాయి. కబడ్డీ ఆడుతూ చాచిన చేతి మీద పడిన విద్యార్థికి, కిక్కిరిసిన బస్సులో కడ్డీ పట్టుకొని కుదుపుకు గురైన ప్రయాణికుడికి, బరువెత్తే పనిలో చెయ్యి మెలిపడిన కార్మికుడికి కలిగే గాయాలలో భుజం కీలు జారడం ఒకటి. ప్రాణం తీసే గాయం కాకపోయినా అది కలిగించే నొప్పి తీవ్రమైనది. ఆలస్యమైన కొద్దీ సవరించడం కష్టమవుతుంది.

ఈ చిన్న గాయపు చికిత్సాచరిత్రలో రెండు ధారలు కనబడతాయి. మొదటిది బలప్రయోగం నుండి కండరాల సడలింపు వైపు సాగిన ధార. ఇందులో హైదరాబాదుకు ప్రపంచ వైద్యచరిత్ర గుర్తించిన స్థానం ఉంది. రెండవది భాషకు సంబంధించినది. వైద్యం సంస్కృతంలో, ఉర్దూలో, ఇంగ్లీషులో బోధించబడింది. రోగి మాత్రం తన బాధను ఇంటిమాటలో చెప్పాడు. నేటి అత్యవసర వైద్యంలో భుజాన్ని సవరించే పద్ధతులు కొన్ని రోగితో జరిపే సంభాషణపై ఆధారపడుతున్నందున ఈ రెండు ధారలు ఒకచోట కలుస్తున్నాయి. ఆ కలయికను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాలు, శరీరం

భుజానికి తెలుగులో పేర్లు అనేకం. గ్రంథభాషలో అంసము, భుజము, మూపు ఉన్నాయి. వ్యవహారంలో గూడ, జబ్బ, రెక్క వినిపిస్తాయి. ఎముకను తెలంగాణలో బొక్క అంటారు. ఇతర ప్రాంతాలలో ఎముక, బొమికె అనే మాటలున్నాయి. జరిగిన ప్రమాదాన్ని చెప్పే క్రియలు ఇంకా గమనింపదగినవి. కీలు జారింది, కీలు తప్పింది, ఎముక తొలగింది, బొక్క జరిగింది అంటారు. విరగడం, బెణకడం అనే క్రియలను జనం వేరుగా ఉంచారు. ఎముక తునిగితే విరుగు, కీలుచుట్టూ ఉన్న పట్టు సాగితే బెణుకు, ఎముక తన చోటు వదిలితే జారడం. శాస్త్రం చేసే మూడు విభాగాలు జనవ్యవహారంలో ముందే స్థిరపడి ఉన్నాయి.

జారడం అనే క్రియ శరీరనిర్మాణానికి కూడా తగినది. దండచేతి ఎముక తల గుండ్రంగా, పెద్దదిగా ఉంటుంది. అది ఆనే రెక్క ఎముక గుంట లోతులేనిది. ప్రమిదపై నిలిపిన బత్తాయిపండును ఊహిస్తే ఈ అమరిక అర్థమవుతుంది. తల భాగంలో మూడోవంతుకు మించి ఏ క్షణంలోనూ ఆ గుంటను తాకదు. చెయ్యి అన్ని దిశలలో తిరగగలగడానికి శరీరం చెల్లించిన మూల్యం ఇది. మానవదేహంలోని పెద్ద కీళ్లలో అతి తరచుగా జారేది భుజమే. అలా జారినప్పుడు నూటికి తొంభైఅయిదు సందర్భాలలో ఎముక తల ముందుకు వస్తుంది. మూర్ఛ వచ్చినప్పుడు, విద్యుదాఘాతం తగిలినప్పుడు వెనక్కి జారే అవకాశం ఉంది. అది పైకి స్పష్టంగా కనబడనందున వైద్యులు పొరబడే ప్రమాదం ఎక్కువ.

రోకలి సాక్ష్యం

సుశ్రుతసంహిత నిదానస్థానంలో భగ్నాలు రెండు విధాలుగా చెప్పబడ్డాయి. కీలు వీడినది సంధిముక్తం. ఎముక కాండం విరిగినది కాండభగ్నం. సంధిముక్తానికి ఉత్పిష్టం, విశ్లిష్టం, వివర్తితం, అవక్షిప్తం, అతిక్షిప్తం, తిర్యక్‌క్షిప్తం అని ఆరు భేదాలున్నాయి. చాచలేకపోవడం, ముడవలేకపోవడం, తాకితే ఓర్వలేకపోవడం సామాన్య లక్షణాలు. వ్యాకరణంలో సంధి అనే మాటకు అలవాటుపడిన పాఠకుడికి ఈ పరిభాష ఆసక్తికరం. రెండు వర్ణాల కూడికకూ రెండు ఎముకల కూడికకూ ఒకే పేరు. విడిపోతే రెండుచోట్లా విశ్లేషమే.

చికిత్సాస్థానంలో భుజసంధికి ప్రత్యేకమైన విధానం ఉంది. చంక కింద రోకలి ఉంచి పైకెత్తి, ఎముక స్వస్థానం చేరిన తరువాత స్వస్తికాకారపు కట్టు కట్టాలని సంహిత చెప్పింది. లాగడం, నొక్కడం, కూర్చడం, కట్టడం అనే నాలుగు క్రియలు భగ్నచికిత్సకు మూలాలు. ఋతువును బట్టి కట్టు మార్చే గడువు కూడా అక్కడ నిర్ణయమై ఉంది. చలికాలంలో ఏడు రోజులు, సమశీతోష్ణ కాలంలో అయిదు రోజులు, వేసవిలో మూడు రోజులు. కట్టు కింద చర్మం, రక్తప్రసారం ఎలా ఉన్నాయో చూడవలసిన అవసరాన్ని ఈ నియమం సూచిస్తుంది.

గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరుతో నిలిచిన కీళ్ల గ్రంథంలోనూ రోకలి ఉంది. మెత్తని గుడ్డ చుట్టిన రోకలిని పక్కటెముకలకూ దండచేతి ఎముక తలకూ నడుమ ఉంచి సవరించే పద్ధతి అక్కడ కనబడుతుంది. చంకలో మడమ ఆనించి చెయ్యి లాగడం, నిచ్చెన మెట్టుపై చేతిని వేలాడదీయడం కూడా అక్కడివే. ఈ పోలికను బట్టి ఒక సంప్రదాయం మరొకదాని నుండి గ్రహించిందని నిర్ణయించడం తొందరపాటు. మనిషి భుజం ఎక్కడైనా ఒకటే. వడ్లు దంచే ఇంట రోకలి ఎక్కడైనా ఉంటుంది. శరీరమూ పనిముట్టూ ఒకటైనప్పుడు ఉపాయం ఒకటి కావడం సహజం. ఈజిప్టులో రెండవ రామసేసు కాలానికి చెందిన ఇపూయ్ అనే శిల్పి సమాధిలోని చిత్రంలో పనివాడి భుజాన్ని ఒకరు సవరిస్తున్న దృశ్యం ఉంది. దానికి దాదాపు 3200 ఏళ్ల వయస్సు.

రోకలి, మడమ, నిచ్చెన మూడూ మీట సూత్రంపై పనిచేస్తాయి. వీటిలో ఒక ప్రమాదం ఉంది. చేతికి రక్తం చేర్చే ప్రధాన ధమని, చేతిని కదిలించే నాడులు చంకలోంచే సాగుతాయి. మీట ఆనించే చోటు కూడా అదే. అందువల్లనే మడమ ఆనించి లాగే పద్ధతిని నేటి వైద్యులు చాలావరకు విడిచిపెట్టారు.

బలం చాలని చోట

జారిన భుజం చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. రోగి భయపడితే మరింత బిగుసుకుంటాయి. వైద్యుడు లాగిన కొద్దీ నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగిన కొద్దీ కండరం ఎదురు లాగుతుంది. 19వ శతాబ్దపు తొలినాళ్లలో లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ ఈ పోరాటాన్ని స్పష్టంగా గుర్తించాడు. కీళ్ల తొలగింపులపై 1822లో వెలువడిన ఆయన గ్రంథంలో తాళ్లు, కప్పీలతో లాగే పద్ధతుల పక్కనే కండరాన్ని నీరసింపజేసే ఉపాయాలు కూడా ఉన్నాయి. నెత్తురు తీయడం, వేడినీటి స్నానం, వాంతి వికారం పుట్టించే ఆంటిమొనీ మందు వాటిలో ముఖ్యమైనవి. మనిషి సొమ్మసిల్లే స్థితికి వస్తేనే కండరం లొంగేది. కావలసింది సడలింపు; అందుబాటులో ఉన్నది మాత్రం నీరసమే.

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రచారంలోకి తెచ్చాడు. కీలు సవరించేవారికి అది వరమైంది. కొద్ది నిమిషాల మత్తులో కండరం సడలిపోయేది. అయితే 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీయడానికి ఇచ్చిన క్లోరోఫాంతో మరణించింది. అంత చిన్న చికిత్సకు ప్రాణం పోవడం వైద్యలోకాన్ని కలవరపరిచింది. మత్తులో ముందుగా ఆగేది గుండెనా, శ్వాసనా అనే వివాదం మొదలైంది.

ఆ వివాదం హైదరాబాదుకు చేరిన తీరు ఈ చరిత్రలో కీలకం. నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో, రెసిడెన్సీ శస్త్రవైద్యుడు విలియం క్యాంబెల్ మెక్లీన్ చొరవతో 1846లో హైదరాబాదు వైద్య పాఠశాల ప్రారంభమైంది. 1885లో రెసిడెన్సీ శస్త్రవైద్యుడిగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ దానికి నాయకత్వం వహించాడు. ఎడిన్‌బరోలో సైమ్ శిష్యుడైన లారీ, శ్వాసను గమనిస్తూ ఉంటే క్లోరోఫాం ప్రమాదకరం కాదని గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ దాని ఫలితాలను సందేహించడంతో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు సమకూర్చి ఆ పత్రిక ప్రతినిధిని ఆహ్వానించాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చి రెండవ కమిషన్‌లో పాల్గొన్నాడు. జంతువులపై జరిపిన విస్తృత ప్రయోగాల అనంతరం ఈ కమిషన్ కూడా శ్వాస ముందు ఆగుతుందని తేల్చింది. ఆ బృందంతో కలిసి పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా గుర్తింపు పొందింది.

ఆ నిర్ణయం పూర్తిగా నిలవలేదు. క్లోరోఫాం మత్తు తేలికగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగపూర్వకంగా చూపాడు. లారీ సిద్ధాంతంలో సగం తప్పింది. ఆయన నేర్పిన ఆచరణ మాత్రం నిలిచింది. మత్తు ఇచ్చినవాడు రోగి శ్వాస నుండి దృష్టి మరల్చరాదన్న నియమం నేడు భుజం సవరించేముందు మత్తు ఇచ్చే ప్రతి అత్యవసర విభాగంలోనూ పాటించబడుతోంది.

ఉర్దూ పాఠం, తెలుగు రోగి

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం భారతీయ భాషలో ఉన్నతవిద్యను బోధించిన గొప్ప ప్రయోగం. దానికి ముందే 1917లో అనువాద సంస్థ దారుల్ తర్జుమా నెలకొంది. శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తేవడం, పరిభాష కల్పించడం దాని పని. 1846 నాటి వైద్య పాఠశాల విశ్వవిద్యాలయానికి అనుబంధమై ఉస్మానియా వైద్య కళాశాలగా మారింది. అక్కడ ఆధునిక వైద్యం ఉర్దూలో బోధించబడింది. 1908 మూసీ వరదలో దెబ్బతిన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి స్థానంలో విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఉస్మానియా ఆసుపత్రి భవనం 1920వ దశకంలో లేచింది. వైద్య కళాశాల నగరంలోనే ఉన్నా, 1986లో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు దాని పట్టాలు ఉస్మానియా పేరుతోనే వెలువడ్డాయి.

ఈ ప్రయోగం దేశభాషలో వైద్యం చెప్పడం సాధ్యమేనని నిరూపించింది. అదే సమయంలో దాని పరిమితి కూడా స్పష్టం. ఉర్దూ వైద్యపరిభాష అరబ్బీ, పారశీక మూలాల నుండి రూపొందింది. కీలు తొలగడానికి గ్రంథాలలో ఖలా అనే అరబ్బీ మాట ఉండగా, సామాన్యుడు జోడ్ ఉతర్ గయా అనేవాడు. తెలుగువాడు కీలు జారిందనేవాడు. జారడం, ఉతర్‌నా రెండూ కిందికి దిగే చలనాన్నే చెబుతాయి. రెండు భాషల జనవ్యవహారం ఒకదానికొకటి దగ్గరగా ఉండగా, రెండింటికీ పరిభాష దూరంగా ఉంది. నిజాం రాజ్యంలో అధికసంఖ్యాకుల భాష తెలుగు. ఆ భాషలో విజ్ఞానగ్రంథాలు వెలువరించడానికి 1906లో హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినా, వైద్యవిద్యకు తెలుగు మాధ్యమం కాలేదు. 1948 తరువాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. రోగికీ పాఠానికీ మధ్య దూరం రూపం మార్చుకుంది కాని తగ్గలేదు.

కట్టు వైద్యులు

ఆ దూరంలోనే కట్టు వైద్యులు నిలిచారు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు తెలుగునాట సుప్రసిద్ధం. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డపీలికలు ఆ కట్టుకు సాధనాలు. హైదరాబాదులో ఈ పని కుస్తీ అఖాడాల నుండి వచ్చిన పహిల్వాన్ల చేతిలో ఉండేది. మర్దనా తెలిసినవారు, రోజూ భుజాలు జారే ఆటలో పెరిగినవారు కనుక కీళ్ల కదలిక వారికి స్పర్శజ్ఞానంగా అబ్బింది. రోగి మాట వారికి అర్థమయ్యేది, వారి మాట రోగికి అర్థమయ్యేది. ఖర్చు కూడా తక్కువ.

ఈ సంప్రదాయాన్ని కీర్తించడానికి అవధులున్నాయి. ఎక్స్‌రే లేకుండా జారుడును, జారుడుతో కూడిన విరుగుడును వేరుచేయడం కష్టం. విరిగిన ఎముకను లాగితే గాయం పెరుగుతుంది. బిగుతు కట్టు రక్తప్రసారాన్ని అడ్డుకుంటే చెయ్యి కండరాలు శాశ్వతంగా కుంచించుకుపోతాయని జర్మన్ వైద్యుడు ఫోక్‌మన్ 1881లోనే వివరించాడు. ఋతువును బట్టి కట్టు విప్పి చూడాలన్న సుశ్రుతుని జాగ్రత్తను మరచిన కట్టు ప్రాచీనమైనదైనా ప్రమాదమే. ఈ చరిత్రలో స్వీకరించదగినది కట్టు వైద్యుల చేతినేర్పు, సంభాషణ. విడిచిపెట్టవలసింది పరీక్ష లేకుండా చేసే సాహసం.

అత్యవసర గదిలో మాట

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైంది. 2009లో భారత వైద్యమండలి అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది. ఎముకల వైద్యుడి కోసం గంటల తరబడి ఎదురుచూడకుండా, రోగిని మొదట చూసిన వైద్యుడే భుజం సవరించే స్థితి క్రమంగా ఏర్పడింది.

ఆ వైద్యుడు అనుసరించే క్రమం ఇది. ముందుగా మణికట్టు నాడి చూస్తాడు. భుజం వెలుపలి చర్మంపై స్పర్శ ఉందో లేదో అడుగుతాడు. ఆ చోట తిమ్మిరి ఉంటే చంకలోని నాడి నలిగిందని అనుమానం. విరుగుడు లేదని ఎక్స్‌రేతో నిర్ధారించుకున్నాక సవరణ మొదలవుతుంది. స్విట్జర్లాండు వైద్యుడు థియోడర్ కోకర్ 1870లో వివరించిన పద్ధతిలో మోచేతిని వంచి ముంజేతిని మెల్లగా వెలుపలికి తిప్పి, మోచేతిని ఛాతీ మీదుగా తెచ్చి, తిరిగి లోపలికి తిప్పుతారు. 1900లో స్టిమ్సన్ సూచించిన పద్ధతిలో రోగి బోర్లా పడుకొని చేతిని కిందికి వేలాడదీస్తాడు. మణికట్టుకు కట్టిన బరువు మెల్లగా కండరాన్ని అలసింపజేస్తుంది. 1938లో మిల్చ్ వివరించిన పద్ధతిలో చేతిని చెట్టుపండు కోస్తున్నట్టుగా తల పైకి చేరుస్తారు. 2003లో ఆస్ట్రేలియా వైద్యుడు కనింగ్‌హామ్ ప్రకటించిన పద్ధతిలో లాగడం దాదాపు లేదు. రోగి నిటారుగా కూర్చుంటాడు. వైద్యుడు ఎదురుగా కూర్చుని అతని చేతిని తన చేతిపై ఆనించుకొని మెడ, భుజం, దండచేతి కండరాలను మర్దన చేస్తూ, గూడలు వెనక్కి విరుచుకోమని, చెయ్యి బరువు వదిలేయమని చెబుతూ ఉంటాడు. కండరం సడలినప్పుడు ఎముక తనంతట తానే గూటికి చేరుతుంది.

ఈ పద్ధతిలో మత్తుమందు చేసే పనిలో కొంత భాగం మాట చేస్తుంది. కూపర్ నెత్తురు తీసి సాధించినదాన్ని, లారీ క్లోరోఫాంతో సాధించినదాన్ని, ఇక్కడ నమ్మకం కలిగించే సూచనలు సాధించవలసి ఉంది. అందరిలోనూ ఇది ఫలించదు. మత్తు అవసరమైన సందర్భాలు ఎప్పుడూ ఉంటాయి. అయినా ఫలించినచోట దాని సాధనం భాషే. రిలాక్స్ అన్న ఒక్క మాటతో సరిపెట్టే వైద్యుడికీ, చెయ్యి బరువు నాకొదిలేయండి, గూడలు కొంచెం వెనక్కి అనండి, ఊపిరి మెల్లగా వదలండి అని చెప్పగల వైద్యుడికీ తేడా మర్యాదకు సంబంధించింది మాత్రమే కాదు; అది చికిత్సాఫలితానికి సంబంధించింది. తార్నాక చుట్టుపక్కల ఆసుపత్రులకు శ్రీకాకుళం జబ్బతోనూ ఆదిలాబాదు రెక్కతోనూ రోగులు వస్తారు. ఒకరు ఎముక తప్పిందంటే మరొకరు బొక్క జరిగిందంటారు. ఆ మాటల్లోనే రోగచరిత్ర మొదలవుతుంది. పూర్వం కూడా ఇలా జారిందా అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు రావడం ముఖ్యం. యువకులలో ఒకసారి జారిన భుజం మళ్లీ జారే అవకాశం ఎక్కువ. చేతిని జోలెలో ఎన్నాళ్లు ఉంచాలి, ఎప్పుడు కదిలించాలి, ఏ ఆట మానాలి అన్న సూచనలు అర్థం కాకపోతే సవరణ సగంలో ఆగినట్టే.

ఉపసంహారం

రోకలి నుండి కప్పీకి, కప్పీ నుండి క్లోరోఫాంకు, క్లోరోఫాం నుండి మర్దనకూ మాటకూ సాగిన ఈ చరిత్ర, కండరాన్ని జయించడం కంటే ఒప్పించడం మేలని నేర్పింది. ఒప్పించడానికి రోగి భాష కావాలి. ఉస్మానియా ప్రాంగణానికి ఈ విషయంలో రెండు వారసత్వాలున్నాయి. దేశభాషలో వైద్యం బోధించిన అనుభవం ఒకటి. భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం, బిరుదురాజు రామరాజు నుండి సాగిన జానపద పరిశోధన రెండవది. రైతు, నేతగాడు వాడే మాటలకు దక్కిన శ్రద్ధ కట్టు వైద్యుని మాటలకు, నొప్పిని చెప్పే రోగి మాటలకు కూడా దక్కవలసి ఉంది. వయసు మళ్లిన కట్టు వైద్యులతో పాటు ఆ పదజాలమూ కనుమరుగవుతోంది. దానిని ప్రాంతాలవారీగా సేకరించి, శరీరభాగాలు, బాధలు, సూచనలు అనే క్రమంలో కూర్చి అత్యవసర విభాగంలో చేరే యువవైద్యుల చేతికి అందించడం తెలుగు శాఖలూ వైద్యకళాశాలలూ కలిసి చేయదగిన పని. జారిన కీలును చేర్చేది వైద్యుని చెయ్యి. ఆ చేతికి రోగి తన చేతిని వదిలేది మాట తెలిసినప్పుడే.